ఆర్విల్ టిడ్‌మోర్ చెప్పిన ఒకే ఒక్క అబద్ధం

మా ప్రూయిట్స్ ఫెర్రీలో చేపలు పట్టేవాడి మాటని ఎవరూ ఉన్నదున్నట్టు తీసుకోరు. రిజర్వాయరు ఎగువన పడ్డాయంటే దిగువన పడ్డాయని, నల్ల ఎర అంటే తెల్ల ఎర అని, అసలేమీ పడలేదంటే పడవలో చేపల తొట్టి నిండిపోయిందని అర్థం చేసుకుంటారు. దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఆదివారం చర్చిలో పక్కపక్కన కూర్చుని కళ్ళు మూసుకునే మనుషులే సోమవారం పొద్దున్న రేవులో ఒకళ్ళ కళ్ళలోకి ఒకళ్ళు చూసుకుంటూ శుభ్రంగా అబద్ధాలాడతారు. అది పాపమని పాస్టరు గారు కూడా ఏనాడూ అనలేదు. అంటే ఆయన వారం వారం ఎక్కడ చేపలు పడుతున్నాడో చెప్పాల్సొస్తుంది మరి.

ఇలాంటి ఊళ్ళో ఆర్విల్ టిడ్‌మోర్ పుట్టి, పెరిగి, రేవు పక్కనే గాలాలూ ఎరలూ అమ్మే కొట్టు పెట్టుకుని, జీవితమంతా నిజమే చెప్పుకుంటూ వచ్చాడు. పాపం, ఎవడి ఖర్మ వాడిది.

అతనికి ఈ జబ్బు ఎలా అంటుకుందో ఊరందరికీ తెలుసు. వాళ్ళ నాన్న లూథర్ ఒకరోజు ఎగువకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి దిగువకి వెళ్ళాడు. అక్కడ బురదలో జారి, చీలమండ విరగ్గొట్టుకుని, ఓ దుంగ మీద కూలబడ్డాడు. ఊరు ఊరంతా కదిలి ఎగువన గాలించింది. కొందరు తెలివైనవాళ్ళు, "లూథర్ ఎగువ అన్నాడంటే దిగువనే ఉంటాడు" అన్నారు. వాళ్ళకన్నా తెలివైనవాళ్ళు, "మనం అలా అనుకుంటామని వాడికి తెలుసు కాబట్టి ఎగువనే ఉంటాడు" అన్నారు. చివరికి ఎవరిదో వేటకుక్క దారి తప్పి అటు వెళ్ళి ఆయన్ని కనిపెట్టింది. స్ట్రెచర్ మీద మోసుకొస్తుంటే కూడా లూథర్, "ఎగువనే ఉన్నానురా, ఇక్కడికి కొట్టుకొచ్చాను" అంటూనే ఉన్నాడు. చిన్నవాడైన ఆర్విల్ ఆ స్ట్రెచర్ పట్టుకుని నడుస్తూ, చేపల విషయంలో తను మాత్రం అబద్ధమాడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. మామూలుగా చిన్నప్పటి ఒట్లు ఎవరైనా మర్చిపోతారు. వీడు మర్చిపోలేదు.

కొట్టుకొచ్చి సలహా అడిగిన ప్రతివాడికీ ఆర్విల్ ఉన్నదంతా విప్పి చెప్పేవాడు. నీళ్ళు తేటగా ఉంటే ఫ్లోరోకార్బన్ దారం కట్టమనేవాడు, అది నీళ్ళలో మునుగుతుంది, చేప కంటికి సరిగా ఆనదు అని. నాచు దట్టంగా ఉన్నచోట అల్లిక దారం వాడు, నాచుని కోసుకుంటూ వచ్చేస్తుంది, చేపని నాచుతో సహా లాగొచ్చు అనేవాడు. నీటిమీద తేలే ఎరకి మాత్రం మామూలు నైలాను దారమే మేలని చెప్పేవాడు. "ముడి బిగించేముందు ఉమ్మితో తడపరా నాయనా. పొడిగా లాగితే దారం ఒరుసుకుని వేడెక్కుతుంది. ఆ తర్వాత పెద్ద చేప పడ్డ రోజే తెగుతుంది. చేప పడ్డప్పుడల్లా చివర మూరెడు దారం పెదాల మధ్య పెట్టి లాగి చూడు. ఎక్కడైనా గరుకు తగిలిందంటే బద్ధకించకుండా కోసి పారేసి మళ్ళీ కట్టు." అంతటితో ఊరుకోకుండా, నిన్న పొద్దున్న తను ఏ రాళ్ళగట్టు పక్కన, ఏ రంగు ఎరతో, ఎంత లోతులో పట్టాడో కూడా చెప్పేవాడు.

విన్నవాడు బుద్ధిగా తలూపి, "చాలా థాంక్స్ మావా" అని, అల్లిక దారం అన్నచోట నైలాను కొనుక్కుని, రాళ్ళగట్టుకి పూర్తిగా అవతలి ఒడ్డుకి పోయేవాడు. అందుచేత ఆర్విల్ మెచ్చుకున్న సరుకు అల్మరాలో దుమ్ము పట్టి పడి ఉండేది.

"ఏమయ్యా, ఆ ఆకుపచ్చ రబ్బరు పురుగులు పెట్టెలకి పెట్టెలు మూలుగుతున్నాయి. అవి దేనికీ పనికిరావని నాలుగు రోజులు చెప్పి చూడరాదూ?" అనేది అతని భార్య యూనా.

"తేట నీళ్ళలో వాటిని మించినవి లేవు కదే."

"అందుకే చెప్పమంటున్నాను."

ఆర్విల్ చెప్పలేదు. చెప్పకపోగా, ఆ సాయంత్రం వచ్చిన ఇద్దరికి ఆ పురుగుల్ని ఇంకొంచెం ఎక్కువ పొగిడాడు. ఆ దెబ్బతో అవి ఆ ఏడాదంతా కదల్లేదు.

సరుకు కదలకపోతే అతనికంత దిగులు లేదు. ఊళ్ళో తన గురించి అనుకునే మాటే అతన్ని తినేసేది. ఆర్విల్ లాంటి అబద్ధాలకోరు ఈ చుట్టుపక్కల నాలుగు కౌంటీల్లో లేడని జనం గౌరవంగా చెప్పుకునేవాళ్ళు. కొత్తగా గాలం పట్టిన కుర్రాళ్ళకి దూరంనుంచి చూపించి, "చూడు, ఆ మొహంలో చిన్న వణుకైనా కనిపిస్తుందా? అదీ విద్యంటే" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డ రోజు ఆర్విల్ అన్నం సరిగా తినేవాడు కాదు. నిజం చెప్పి చెప్పి మోసగాడిగా పేరు తెచ్చుకోవడం ఎంత కష్టంగా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది.

ఏటా వసంతంలో మా రేవు దగ్గర బాస్ చేపల పోటీ జరుగుతుంది. అయిదు చేపలు, ప్రాణంతో ఉన్నవి తేవాలి. ఎవరి సంచి బరువుంటే వాళ్ళది గెలుపు. బహుమానం పెద్దది. మావాళ్ళ సంగతి పోటీ నడిపే సంఘానికి బాగా తెలుసు. అందుకని గెలిచినవాణ్ణి ఫైర్ స్టేషన్ వెనక గదిలో కూర్చోబెట్టి, అబద్ధాలు పట్టే మిషను తగిలించి, ప్రశ్నలడుగుతారు. అందులో నెగ్గితేనే బహుమానం. ఆ ఫలితాన్ని బయట జనం అందరి ముందూ మైకులో చదువుతారు.

ఆర్విల్‌కి కావలసింది అదే. ఏళ్ళ తరబడి అతను ఆ పోటీలో నిలబడుతున్నది ఆ మిషను కోసం. గెలిచినవాడికి తప్ప దాన్ని ఎవరికీ తగిలించరు. అతనేమో పాత అల్యూమినియం పడవ వేసుకుని, చిన్న మోటారుతో టకటకమంటూ చోటుకి చేరేసరికి మిగతావాళ్ళు తొట్టెలో మూడు చేపలు వేసుకుని కూర్చుని ఉండేవాళ్ళు. ప్రతిసారీ అతనికి రెండో స్థానమో మూడో స్థానమో దక్కేది.

ఈసారి పోటీకి ముందురోజు సాయంత్రం వరండాలో కూర్చుని యూనా ఉడకేసిన వేరుశనక్కాయలు వలుస్తోంది.

"ఈ ఏడు బహుమానం ఫైబర్ పడవట. ఒళ్ళంతా మెరుపులట," అంది.

"ఆ పడవ నీ తమ్ముడికిచ్చెయ్. నాకా మిషను చాలు."

"మిషనేం చేసుకుంటావయ్యా?"

"చేతికి తగిలించుకుంటాను. ఆర్విల్ నిజం చెప్పే మనిషి అని అది చెప్తుంది. దాన్ని మైకులో చదువుతారు. బతికుండగా ఒక్కసారి ఆ మాట వినాలని ఉందే."

"నేను నమ్ముతున్నాను కదా," అంది.

"నిన్న నీ మొక్కజొన్న రొట్టె బాగుందంటే నమ్మావా?"

"అది వేరు. దాన్లో ఉప్పెక్కువైంది."

"ఎక్కువైంది. అయినా బాగుంది."

"చూశావా," అంది యూనా, కాయలు వలుచుకుంటూ.

పోటీ రోజు తెల్లవారకముందే రేవులో పడవలు బారులు తీరాయి. యూనా తమ్ముడు రేబర్న్ స్క్రగ్స్ కూడా తన పడవతో వచ్చాడు. రేబర్న్‌ది కళ్ళు జిగేల్‌మనే ఊదారంగు పడవ. దాని వెనక మోటారు మా చర్చి ఆర్గన్ కన్నా పెద్దది. ఒంటిమీద చొక్కానిండా రకరకాల కంపెనీల గుర్తులు. ఆ కంపెనీలేవీ అతనికి పైసా ఇవ్వలేదు, అతనే కొని కుట్టించుకున్నాడు. పడవలో పాటల పెట్టె మోగాలని నీళ్ళు తోడే పంపు ఫ్యూజు పీకి దానికి పెట్టుకున్నాడు. ముందురోజు సాయంత్రం పడవలో నిలిచిన నీళ్ళు కారిపోవాలని అడుగున బిరడా తీసి, సీటు కింద పడేసి, ఆ సంగతి మర్చిపోయాడు.

ఆర్విల్ అలవాటు ప్రకారం వరసలో ఉన్న వాళ్ళందరికీ చెప్పుకుంటూ వెళ్ళాడు. "బిరడా పెట్టారా? నీళ్ళలోకి దింపేముందే వంగి చూసుకోండి. మోటారు ఆపే తాడు ఒంటికి తగిలించుకున్నారా? చొక్కా మీద లైఫ్ జాకెట్ వేసుకోండయ్యా, నీళ్ళు ఇంకా ఐస్‌లా ఉన్నాయి."

"నేను వంగి బిరడా చూసుకుంటుంటే నువ్వు ముందు జారుకుందామనా బావా?" అని నవ్వాడు రేబర్న్. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఒక్కడూ వంగలేదు. అయితే మిగతావాళ్ళు ఇంటి దగ్గరే పడవలకి బిరడాలు బిగించుకుని వచ్చారు.

"ఇవాళ ఎక్కడికి మావా?" అని అడిగాడు వెనకాల వరసలో ఉన్న డీకన్ క్లోవిస్ పెటిట్. చర్చిలో చందా పళ్ళెం తిప్పేది ఈయనే.

"వంతెన అవతల పాయలోకి, డీకన్ గారూ. నీళ్ళలో మునిగిన పాత రోడ్డు ఉంది చూశారా, ఆ గట్టు పక్కన. గుడ్లు పెట్టే ముందు చేపలు అక్కడ ఆగుతున్నాయి. ఎర్ర రొయ్య రంగు ఎర, బాగా నిదానంగా లాగాలి. చలి నీళ్ళలో చేప పరిగెత్తదు."

డీకన్ గారు కృతజ్ఞతగా తలూపారు. తుపాకీ పేలగానే ఆయనతో సహా అన్ని పడవలూ వంతెనకి ఎదురు దిక్కుకి దూసుకుపోయాయి. ఆర్విల్ ఒక్కడే టకటకమంటూ వంతెన కిందుగా పాయలోకి వెళ్ళాడు.

ఆ రోజు పాయలో చేపలు అతని కోసమే కాచుకుని కూర్చున్నట్టున్నాయి. మధ్యాహ్నానికి తొట్టిలో అయిదు బాస్‌లు ఉన్నాయి. ఒక్కోటీ పొట్ట ఉబ్బి, మూతి తెరిస్తే అందులో పిడికిలి పడుతుంది. గెలుపు ఖాయమని ఆర్విల్‌కి తెలిసిపోయింది. మిషను ముందు కూర్చుని ఏం మాట్లాడాలో మనసులో వల్లె వేసుకోవడం మొదలుపెట్టాడు. చేపల విషయంలో ఎప్పుడైనా అబద్ధమాడావా అని అడుగుతారు. ఎప్పుడూ లేదు అంటాడు. మిషను మీద సూది కదలదు. అంతే.

అప్పుడొచ్చాడు రేబర్న్. పొద్దుటినుంచీ ఎగువన ఎక్కడా నిమిషం నిలవకుండా తిరిగి, ఒక్క చేపా పడక, బావ ఏం చేస్తున్నాడో చూద్దామని పాయలోకి రయ్యిమంటూ వచ్చి మోటారు ఆపాడు. ముందు భాగంలో చిన్న కరెంటు మోటారు నీళ్ళలోకి దించి, దాని పెడల్ మీద కాలు పెట్టి నిలబడి ఎర విసరడం మొదలెట్టాడు. ఆర్విల్ అటు చూసేసరికి పడవ వెనక భాగం నీళ్ళలోకి కుంగుతోంది.

"రేబర్నూ, నీ పడవ మునుగుతోంది."

"ఆఁ, మునుగుతుంది, మునుగుతుంది."

"బిరడా పెట్టలేదురా నువ్వు. పడవ పరిగెడుతున్నంతసేపూ నీళ్ళు వెనక్కి కారిపోతాయి. ఆగావంటే లోపలికొస్తాయి. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు."

"నేను వెనక్కి తిరగ్గానే నా ముందు నీ ఎర పడుతుంది. నన్ను మరీ చంటిపిల్లాణ్ణి చెయ్యకు బావా."

ఆర్విల్ లంగరు లేపి దగ్గరికి రాబోయాడు. రేబర్న్ గాలపు కర్రని ఈటెలా చాపాడు. "అక్కడే ఆగు. పోటీలో ఒకళ్ళ చోటుకి ఒకళ్ళు రాకూడదు. ఇంకో అడుగు ముందుకేస్తే సంఘానికి చెప్తాను. అక్క మొగుడివని చూడను."

ఇంతలో రేబర్న్ మధ్యాహ్నం తిండి డబ్బా పడవలోంచి తేలి, మెల్లగా అతని పక్కనుంచి ముందుకి వచ్చింది. రేబర్న్ దాన్ని అనుమానంగా చూశాడు. "అక్క నీకూ ఇలాంటి డబ్బాయే ఇచ్చిందా? దాన్ని నీళ్ళలోకి తోసి నాకు చూపిస్తున్నావు. పిమెంటో చీజ్ శాండ్‌విచ్‌ని కూడా వదలవా నువ్వు?"

"అది నీదేరా."

"నాది నా వెనక సీటు కింద ఉంది."

దాని వెనకే లైఫ్ జాకెట్ తేలుతూ వచ్చింది. "ఇది నాదానిలాగే ఉందే, ఎక్కడ కొన్నావు?" అన్నాడు రేబర్న్. పడవ వెనక కుంగినకొద్దీ ముందు భాగం పైకి లేస్తోంది. రేబర్న్ ఎత్తుగడ్డ ఎక్కేవాడిలా ముందుకి వంగి, "ఇవాళ గాలి కొంచెం తేడాగా ఉంది," అని మరోసారి ఎర విసిరాడు. ఎరని చేప గుంజింది. ఇంక వాణ్ణి కదిలించడం ఎవరివల్లా కాదు.

రేబర్న్‌కి ఈత రాదు. బాప్తిస్మం రోజున నదిలో పాస్టరు మెడ పట్టుకుని వేలాడి, ఆయన్ని కూడా రెండోసారి ముంచినవాడు. లైఫ్ జాకెట్ చూస్తే అప్పుడే పాయ మధ్యకి పోయింది. ఆ చలి నీళ్ళలో పడితే కేక వేసేలోపే ఊపిరి బిగుసుకుపోతుంది. యూనాకి ఉన్నది వీడొక్కడే తమ్ముడు. ఆర్విల్ ఇంకా నాలుగు నిజాలు గట్టిగా అరిచాడు. దానితో రేబర్న్ ఇంకాస్త మొండికేసి నిలబడ్డాడు.

అప్పుడు ఆర్విల్‌కి అర్థమైంది. తను నిజం చెప్పినంతకాలం వీడు మునుగుతూనే ఉంటాడు.

జీవితంలో ఎప్పుడూ చెయ్యని పని, ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. కాసేపట్లో మిషను ముందు కూర్చోవలసినవాణ్ణని గుర్తొచ్చింది. ఇవాళ కాకుండా ఇంకే రోజైనా బాగుండేదే దేవుడా అనుకున్నాడు.

"రేబర్నూ," అన్నాడు.

"మళ్ళీ ఏంటి?"

"నీ పడవ బాగుంది."

రేబర్న్ చెయ్యి రీలు మీద ఆగిపోయింది.

"వెనకాల చుక్క నీళ్ళు లేవు. ఇందాక నేను ఊరికే అన్నాను. నువ్వలాగే నిలబడు. వెనక్కి తిరిగి చూడాల్సిన పనేమీ లేదు."

రేబర్న్ పెడల్ మీంచి కాలు తీశాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు. సీట్లు లేవు. పాటల పెట్టె లేదు. నీళ్ళలోంచి మోటారు నెత్తి మాత్రం కనిపిస్తోంది. రేబర్న్ గొంతులోంచి ఇదీ అని చెప్పలేని చప్పుడు ఒకటి వచ్చింది. "బావా, రా, తొందరగా రా," అన్నాడు. ఆర్విల్ పడవని అతని పక్కకి తోసి, నడుం బెల్టు పట్టుకుని లోపలికి లాక్కున్నాడు. ఊదారంగు పడవ ఒకసారి పక్కకి ఒరిగి, బుడగలు వదులుతూ బోర్లా పడింది. రేబర్న్ చేతిలో గాలపు కర్ర ఇంకా అలాగే ఉంది, చివర చేప కూడా ఉంది. ఆ చేప ఎవరి లెక్కలోకి రాదని ఆర్విల్ దాని గాలం విప్పి నీళ్ళలోకి వదిలేశాడు.

ఆర్విల్ కోటు కప్పుకుని రేబర్న్ వణుకుతూ కూర్చున్నాడు. కొంతసేపటికి, "బావా, ముందు మునుగుతోందన్నావే, అది నిజమేనా?" అన్నాడు.

"నిజమే."

"మరి బాగుందన్నావు?"

"అది అబద్ధం."

రేబర్న్ చాలాసేపు ఆలోచించాడు. "మరి ముందే ఆ ముక్క చెప్పొచ్చు కదా," అన్నాడు.

రేవులో తూకం వేస్తే ఆర్విల్ సంచి దరిదాపుల్లోకి ఎవరిదీ రాలేదు. వచ్చే దారి కూడా లేదు, ఊరంతా చేపలు లేని వైపు పోయింది కాబట్టి. డీకన్ గారిది రెండో స్థానం. ఆర్విల్‌ని ఫైర్ స్టేషన్ వెనక గదిలోకి తీసుకెళ్ళారు.

మిషను నడిపేది ఎల్మో గ్రిగ్స్‌బీ అనే ముసలాయన. పక్క కౌంటీలో ఉద్యోగం చేసి రిటైరై, చేపల పోటీలకి మిషను తిప్పుకుంటున్నాడు. ఆయన ఆర్విల్ వేళ్ళకి తీగలు, ఛాతీకి పట్టీ తగిలించాడు.

"ఈ అయిదు చేపలూ నువ్వే పట్టావా?"

"పట్టాను."

"పోటీ హద్దుల లోపలే పట్టావా?"

"లోపలే."

"చేపల విషయంలో నీ జీవితంలో ఎప్పుడైనా, ఎవరికైనా అబద్ధం చెప్పావా?"

ఎన్నేళ్ళనుంచో ఎదురుచూసిన ప్రశ్న ఇది. ఆర్విల్ కళ్ళు మూసుకున్నాడు. "చెప్పాను. ఒకటి. ఇవాళే," అన్నాడు.

గ్రిగ్స్‌బీ తలెత్తాడు. సూదిని చూశాడు, ఆర్విల్‌ని చూశాడు, మళ్ళీ సూదిని చూశాడు. "బాబూ, నీకు ప్రశ్న సరిగా వినపడినట్టు లేదు. మళ్ళీ అడుగుతాను. ఎప్పుడైనా అబద్ధం చెప్పావా?"

"చెప్పానన్నాను కదండీ."

గ్రిగ్స్‌బీ లేచి తలుపు వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "చూడు నాయనా. ఈ ప్రశ్నకి అందరూ లేదనే అంటారు. అది అబద్ధమని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. అప్పుడు సూది ఎగురుతుంది. అది ఎంత ఎగిరిందో చూసి, దాన్నిబట్టి మిగతా జవాబుల్ని కొలుస్తాను. నువ్వు ఇక్కడ నిజం చెప్తే నాకు కొలత ఏదీ?"

"అంటే నేను నిజం చెప్పే మనిషినని తేలాలంటే ఇప్పుడు అబద్ధమాడాలా?"

"చిన్నదే. లేదు అను చాలు."

"నేనెప్పుడూ చెప్పనివాణ్ణయితే, లేదన్నా సూది ఎగరదు కదా. అప్పుడేం చేసేవారు?"

"అలాంటివాడు ఇంతవరకూ నాకు తగల్లేదు. అయినా నీకిప్పుడు ఆ గొడవ లేదుగా, ఇవాళే ఒకటి చెప్పి వచ్చావు. నీ అదృష్టం బాగుంది. లేదు అనేసెయ్, సూది ఎగురుతుంది, బయట జనంలో నీ పేరు చదువుతాను."

ఆర్విల్ కిటికీలోంచి చూశాడు. బయట ఊరంతా మైకు చుట్టూ మూగి ఉంది. ఒక్క మాట. అందరూ ఆడేదే. మిషను కూడా అదే అడుగుతోంది. నోటిదాకా వచ్చిందో లేదో మాకు తెలియదు కానీ, చాలాసేపు పెదాలు బిగించుకుని కూర్చున్నాడని గ్రిగ్స్‌బీ తర్వాత చెప్పాడు.

"ఆ ఒక్కటీ మా బావమరిది మునిగిపోతుంటే వాణ్ణి బతికించడానికి చెప్పానండీ," అన్నాడు చివరికి. "నాకోసం ఇంకోటి చెప్పలేను."

గ్రిగ్స్‌బీ బయటికొచ్చి, ఆర్విల్ టిడ్‌మోర్ నిజం చెప్తాడో లేదో మిషను తేల్చలేకపోయిందని మైకులో చదివాడు. జనం ఒక్కసారి ఘొల్లుమన్నారు. మిషనునే బోల్తా కొట్టించాడని మెచ్చుకోలుగా ఈలలు వేశారు. ఆ తర్వాత డీకన్ గారు లోపలికి వెళ్ళారు. ఆ మూడో ప్రశ్నకి ఆయన లేదనగానే సూది ఎంత ఎగిరిందంటే, ఇంత చక్కటి కొలత తన సర్వీసులో చూడలేదని గ్రిగ్స్‌బీ ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడట. మెరుపుల పడవ డీకన్ గారికి వెళ్ళింది.

ఫైర్ స్టేషన్ వాళ్ళిచ్చిన దుప్పటి కప్పుకుని ఉన్న రేబర్న్ ఉండబట్టలేక మైకు లాక్కున్నాడు. "మా బావ నిజం చెప్తే నేను మునిగాను. అబద్ధం చెప్పి నన్ను బతికించాడు. ఇన్నేళ్ళూ ఆయన మీకు చెప్పిందంతా నిజమే," అన్నాడు. జనం కడుపులు పట్టుకుని నవ్వారు. బావకి తగ్గ బావమరిది అన్నారు. రేబర్న్ దిగొచ్చి, పికప్ బండి వెనక కూర్చున్న ఆర్విల్ పక్కన కూలబడ్డాడు.

"నిజం చెప్తుంటే నవ్వుతారేంటి బావా?"

"అలవాటవుతుంది," అన్నాడు ఆర్విల్. యూనా వచ్చి అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమె ముందు ఏడవడానికి ఆర్విల్ సిగ్గుపడలేదు.

ఆ వారం చివర రేబర్న్ కొట్టుకొచ్చాడు. లోపల కాఫీలు తాగుతూ నలుగురైదుగురు ఉన్నారు.

"రేపెక్కడికెళ్తున్నావు బావా?"

ఆర్విల్ అలవాటుగా చెప్పుకుపోయాడు. నీళ్ళు వెచ్చబడ్డాయి, చేపలు పాయ లోపలికి జరిగాయి, పాత పడవల షెడ్డు వెనక కంకర నేల ఉంది, ఆకుపచ్చ రబ్బరు పురుగు, చిన్న సీసపు గుండు, గాలం మొన పురుగులోకి గుచ్చి దాచెయ్యి, అప్పుడు నాచు పట్టదు, ఫ్లోరోకార్బన్ దారం, ఎండ పైకి రాకముందే. రేబర్న్ అల్మరా దగ్గరికి వెళ్ళి ఆకుపచ్చ పురుగుల పెట్టె దుమ్ము తుడిచి తీశాడు. చిన్న గుండ్లు తీశాడు. ఫ్లోరోకార్బన్ దారం తీశాడు. కాఫీ తాగేవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు కన్నుకొట్టుకున్నారు. ఆర్విల్ గల్లాపెట్టె దగ్గర నిలబడి, ఏం చెయ్యాలో తోచక, ఆ వస్తువుల్ని రెండుసార్లు సంచిలో పెట్టి తీశాడు.

మర్నాడు ఆర్విల్ పాత షెడ్డు వెనక్కి వెళ్ళేసరికి రేబర్న్ అరువు పడవ ఒకటి వేసుకుని అక్కడున్నాడు. ఆర్విల్ చెప్పిన కంకర నేల మీద, ఆర్విల్ చెప్పిన దారంతో, ఆర్విల్ చెప్పిన పురుగుతో చేప వెనక చేప లాగుతున్నాడు. అతని వెనక తొట్టిలో అవి టపటపా కొట్టుకుంటున్నాయి. మిగిలిన చోటు రెండో పడవకి చాలదు.

"నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉంది బావా," అన్నాడు రేబర్న్.

ఆర్విల్ కళ్ళు చెమర్చాయి. ఆ మాట వినడానికే ఇన్నేళ్ళు బతికాడు. వినబడింది. ఇప్పుడు నించోడానికి అతనికి చోటు లేదు. సంతోషంగా ఉంది, ఒళ్ళు మండుతూ కూడా ఉంది, రెండూ ఒకేసారి.

"రేపెక్కడ పడతాయి బావా?" అని అడిగాడు రేబర్న్, తలతిప్పి ఆశగా చూస్తూ.

ఎక్కడ పడతాయో ఆర్విల్‌కి తెలుసు. ఇంతకాలం ఎవరూ నమ్మని నిజం చెప్పడానికి అతనికి క్షణం పట్టేది కాదు. వీడేమో నమ్ముతాడు. రేపు పొద్దున్నే వెళ్ళి అక్కడ కూర్చుంటాడు. ఆర్విల్ నీళ్ళకేసి చూశాడు, ఆకాశంకేసి చూశాడు, మోటారు తాడు సర్దుకున్నాడు. చివరికి చెప్పాడు, ఉన్నదున్నట్టే చెప్పాడు. జీవితంలో మొదటిసారి అది చెప్పడం అతనికి కష్టమైంది.